యూనివర్సిటీ పాలక మండలిలో ఎవరు కూర్చోవాలి? ఎవరు కూర్చోబెట్టాలి?

[తెర మీద: పొడవాటి బల్ల, చుట్టూ ఖాళీ కుర్చీలు]

నమస్కారం. ప్రభుత్వ యూనివర్సిటీలో ఫీజు పెంచాలన్నా, కొత్త క్యాంపస్ కట్టాలన్నా, అధిపతిని మార్చాలన్నా చాలాచోట్ల చివరి మాట పాలక మండలిదే. ఆ ఫీజు కట్టే విద్యార్థికి మాత్రం మండలిలో ఎవరున్నారో తెలియదు. వాళ్లు అక్కడికి ఎలా వచ్చారో అసలే తెలియదు.

అమెరికాలో దీనికి రాష్ట్రానికో పద్ధతి ఉంది. ఏ పద్ధతి ఎక్కడ బెడిసికొడుతుందో అక్కడ బాగా కనిపిస్తుంది కాబట్టి ఉదాహరణలు అక్కడివే చెప్తాను.

[తెర మీద: 2012 జూన్ క్యాలెండర్, 10, 26 తేదీల చుట్టూ గీతలు]

యూనివర్సిటీ ఆఫ్ వర్జీనియా. ప్రెసిడెంట్, అంటే యూనివర్సిటీ అధిపతి, టెరెసా సలివన్ తప్పుకుంటున్నారని జూన్ 10న ప్రకటన వచ్చింది. ఆమె వచ్చి రెండేళ్లు కూడా నిండలేదు. వెళ్లిపొమ్మన్నది మండలి అధ్యక్షురాలు, ఉపాధ్యక్షుడు. మండలిని సమావేశపరచలేదు, ఓటింగ్ పెట్టలేదు. సభ్యులతో విడివిడిగా మాట్లాడి, మెజారిటీ మాతో ఉందన్నారు. అధ్యాపకులు, విద్యార్థులు, పూర్వ విద్యార్థులు భగ్గుమన్నారు. జూన్ 26న అదే మండలి ఏకగ్రీవంగా ఆమెను తిరిగి కూర్చోబెట్టింది.

అక్కడ మండలి సభ్యుల్ని నియమించేది రాష్ట్ర గవర్నర్, అంటే ప్రజలు ఎన్నుకునే, మన ముఖ్యమంత్రి లాంటి నాయకుడు. ఈ గొడవ ఆయన చేయించారని నేను అనడం లేదు. క్యాంపస్‌కు జవాబు చెప్పాల్సిన అవసరం ఆ బల్ల చుట్టూ ఎవరికీ లేకపోవడమే నా అభ్యంతరం.

మరి ఎన్నికలు పెడితే? మిషిగన్‌లో ఉన్నాయి. యూనివర్సిటీ ఆఫ్ మిషిగన్ రీజెంట్లు, అంటే పాలక మండలి సభ్యులు, 8 మంది, పదవీకాలం 8 ఏళ్లు, రాష్ట్రమంతా ఓటేస్తుంది. వినడానికి బాగానే ఉంది. కానీ పార్టీల అభ్యర్థులు ఖరారయ్యేది పార్టీ మహాసభల్లో. దేశాధ్యక్షుడి నుంచి మొదలయ్యే బ్యాలెట్‌లో ఈ పదవి దాకా వచ్చేసరికి చాలామంది ఓటర్లకు తెలిసినది అభ్యర్థి పార్టీ ఒక్కటే. ఎన్నిక జరుగుతుంది, పరీక్ష జరగదు.

నా ఉద్దేశంలో ఎవరు నియమిస్తారన్న దానికంటే, నియామకానికి ముందు ఏం జరుగుతుందన్నదే ముఖ్యం.

[తెర మీద: దరఖాస్తు, ఇంటర్వ్యూ, సిఫార్సు, ఓటు]

యూనివర్సిటీ ఆఫ్ మిన్నెసోటాలో రీజెంట్లు 12 మంది. వాళ్లను ఎన్నుకునేది రాష్ట్ర శాసనసభ. 1988లో శాసనసభే ఒక సలహా సంఘాన్ని పెట్టింది. ఆ సంఘం దరఖాస్తులు తీసుకుని, ఇంటర్వ్యూలు చేసి, ఒక్కో స్థానానికి కొందరి పేర్లు పంపేది. మంచి ఏర్పాటు, కాదనను. అయితే ఆ జాబితాకు కట్టుబడాల్సిన పని శాసనసభకు ఉండేది కాదు. నేనైతే ఇక్కడే ఒక్క వాక్యం కలుపుతాను: జాబితా బయటివారిని ఎంచుకుంటే, కారణం రాసి అందరికీ తెలిసేలా పెట్టాలి. పైరవీతో వచ్చిన పేరుకు కాగితం మీద కారణం రాయడం అంత తేలిక కాదు.

పదవీకాలం సంగతి కూడా చూడాలి. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో గవర్నర్ నియమించే 18 మంది రీజెంట్లకు 12 ఏళ్ల గడువు, అదీ విడతలవారీగా ముగుస్తుంది. గవర్నర్ గరిష్ఠంగా రెండు దఫాలు, అంటే 8 ఏళ్లే ఉంటారు. అంటే మామూలుగా ఒక్క గవర్నరే మండలి మొత్తాన్ని తన మనుషులతో నింపేసే వీలుండదు. 12 ఏళ్లు మరీ ఎక్కువనిపిస్తుంది నాకు, అయినా విడతల పద్ధతిని వదులుకోకూడదు. సరైన కారణం చూపకుండా మధ్యలో తీసేసే అధికారం ఉంటే మాత్రం ఈ ఏర్పాటంతా వృథా.

[తెర మీద: బల్ల చివర రెండు కుర్చీలు]

ఇక విద్యార్థులు, అధ్యాపకులు. కాలిఫోర్నియా మండలిలో విద్యార్థి రీజెంట్‌కు ఓటుంది. అధ్యాపక ప్రతినిధులు కూర్చుంటారు, మాట్లాడతారు, ఓటు మాత్రం లేదు. తమ జీతాల మీద తామే ఎలా ఓటేస్తారన్నది అధ్యాపకుల ఓటుకు ఎప్పుడూ ఎదురయ్యే ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. జీతాల అంశం వచ్చినప్పుడు వాళ్లు ఓటింగ్‌కు దూరంగా ఉండాలని నిబంధన పెట్టండి. కోర్సులు మూసేయడం, ప్రెసిడెంట్‌ను తీసేయడం లాంటి వాటిలో వాళ్ల ఓటు ఆపడానికి అది కారణం కాదు.