చపాటా కారం, మిల్లీగ్రాముల పంచాయితీ

అక్క: నమస్తే. హన్మకొండ మేడ మీద నుంచి మళ్లీ మేమే. ఇవాళ తక్కువ మోతాదు నాల్ట్రెక్సోన్ ముచ్చట. ఎవరికి ఎంత సరిపోతుంది అని. మేం డాక్టర్లం కాదు...

తమ్ముడు: కాంపౌండర్లమూ కాదు. చపాటా మిరప గురించైతే అడగొచ్చు.

అక్క: మొదలుపెట్టకు. మామూలు గోలి 50 మిల్లీగ్రాములు. తాగుడు, నల్లమందు జాతి మత్తు మాన్పించడానికి ఇచ్చేది. నా ఫైబ్రోమయాల్జియాకి, అంటే ఒళ్లంతా నొప్పుల జబ్బుకి, అందులో పదోవంతు కూడా లేదు. డాక్టరు 1.5తో మొదలుపెట్టి, రెండు వారాలకోసారి పెంచుతూ 4.5 దాకా తీసుకుపోయారు.

తమ్ముడు: అప్పుడే కదా ఆ కలలు?

అక్క: రాత్రంతా కాజీపేట జంక్షనే. రైలు రాదు, నాకు మెలకువ రాదు. 3కి దించి, పొద్దుగాల వేసుకోమన్నారు. ఇప్పుడు నిద్ర పడుతోంది.

తమ్ముడు: గోలిని బ్లేడుతో నాలుగు ముక్కలు చేస్తే అయిపోయేది కదా?

అక్క: లెక్క రాదా తమ్మీ? పావు ముక్కే పన్నెండున్నర. నా మోతాదుకు నాలుగింతలు! డాక్టరు చెప్పినట్టు ఒక గోలిని 50 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి ఫ్రిజ్‌లో పెడతా. ఒక ఎంఎల్‌కి ఒక మిల్లీగ్రాము. బాగా ఊపి, సూది లేని సిరంజితో కొలుస్తా.

తమ్ముడు: అమ్మ ఏ సిరంజితో కారం వేస్తుంది? గుప్పెడే. ఏనాడైనా తొక్కు చెడిందా?

అక్క: వచ్చాడండీ!

తమ్ముడు: వస్తా మరి. 2025లో మన చపాటాకి జీఐ ట్యాగ్ వచ్చింది. ఎరుపు దండిగా, కారం తక్కువ.

అక్క: అందుకే దానికి గుప్పెడు లెక్క నడుస్తుంది. పోయినేడు ఎనుమాముల మార్కెట్ నుంచి మంట మండే తేజ మిరప తెచ్చావు. అమ్మ అవే గుప్పిళ్లు వేసింది. తిన్నదెవరు?

తమ్ముడు: బావ.

అక్క: ఏమయ్యాడు?

తమ్ముడు: అది ఎపిసోడ్‌లో చెప్పొద్దన్నాడు.

అక్క: మిరప మారితే గుప్పెడు మారాలి. నా 3 చూసి ఇంకొకరు 3 తాగితే ఎట్లా?

తమ్ముడు: తేజ తేవడం నా తప్పు. అమ్మ చేతికి వంక పెట్టకు. చపాటా అయితే...

అక్క: మళ్లీ చపాటా!

తమ్ముడు: సరే. ఒకటి అడగనా? 2024లో డెన్మార్క్ వాళ్లు ఫైబ్రోమయాల్జియా ఉన్న ఆడవాళ్లకు 12 వారాలు 6 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చి చూశారు. నొప్పి తగ్గించడంలో ఉత్తుత్తి మాత్రను దాటలేదట.

అక్క: చదివాను.

తమ్ముడు: మరి?

అక్క: మరి ఇవాళ మెట్లెక్కి వచ్చాను. నువ్వు చెయ్యి పట్టుకున్నావా?

తమ్ముడు: ...లేదు.

అక్క: మందు వల్లో, నడక వల్లో నాకూ తెలియదురా. రోజూ నొప్పికి మార్కులు వేసి నోట్‌బుక్ డాక్టరుకి చూపిస్తున్నా. అంతే.

తమ్ముడు: ట్రమడాల్ సంగతి చెప్పలేదు.

అక్క: అయ్యో, అసలుదే మర్చిపోయా. ట్రమడాల్ నొప్పి గోలీలు, కోడీన్ దగ్గుమందు లాంటి నల్లమందు జాతి మందులు వాడేవాళ్లు దీని జోలికి పోవద్దు. ఆ నొప్పి మందును ఇది పనిచేయనివ్వదు. వాటికి అలవాటైన ఒళ్లయితే ఒక్కసారిగా అల్లాడిపోతుంది. ఆపరేషన్ ఉన్నా ముందే చెప్పాలి.

తమ్ముడు: అమ్మ ఫోన్. స్పీకర్‌లో పెడుతున్నా. అమ్మా, కిలో మామిడి ముక్కలకు కారం ఎంత?

అమ్మ: ఏ మిరప బిడ్డా?

అక్క: విన్నావా!

తమ్ముడు: ఛార్జింగ్ అయిపోతోంది, ఆపేస్తున్నా.