వంటవాడి పేరు మోస్తున్న డిస్ట్రాయర్: యూఎస్ఎస్ పింక్నీ

నమస్కారం.

అమెరికా నావికాదళంలో యూఎస్ఎస్ పింక్నీ అనే డిస్ట్రాయర్ ఉంది. దాని సంగతి ఎక్కడ వచ్చినా, "అంత పెద్ద యుద్ధనౌకకు పోయి పోయి ఒక వంటవాడి పేరు పెట్టారా?" అనే మాట వినిపిస్తూనే ఉంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. విలియం పింక్నీ ఎవరో తెలియకపోవడం ఒక్కటే దానికి కారణం కాదు. యుద్ధం జరుగుతున్న గంటలో ఓడలోని మనుషులు ఎక్కడ నిలబడతారో, ఏం చేస్తారో తెలియకపోవడమే అసలు కారణం. ఈ వీడియోలో ప్రధానంగా దాని గురించే మాట్లాడతాను.

పేర్ల సంగతి క్లుప్తంగా చెప్పి ముందుకు వెళతాను. మన నౌకాదళంలోని ఆధునిక డిస్ట్రాయర్లకు ఢిల్లీ, కొల్‌కతా, విశాఖపట్నం వంటి నగరాల పేర్లు ఉన్నాయి కనుక, ఓడకు మనిషి పేరు ఉండటం మనకు కొంత వింతగా తోచవచ్చు. అమెరికాలో మాత్రం డిస్ట్రాయర్లకు ప్రధానంగా నావికాదళానికి, మెరైన్ దళానికి చెందిన వ్యక్తుల పేర్లు పెడతారు. పింక్నీ ఏ తరగతికి, అంటే ఒకే నమూనాలో కట్టిన ఏ ఓడల వరుసకు చెందిందో, ఆ తరగతికి ఆర్లీ బర్క్ అనే అడ్మిరల్ పేరు ఉంది. అడ్మిరల్ పేరూ వంటవాడి పేరూ ఒకే వరుసలో నిలవడం ఆ సంప్రదాయంలో నాకు అన్నిటికన్నా నచ్చిన విషయం.

పింక్నీ 1915లో దక్షిణ కరోలినా రాష్ట్రంలోని బ్యూఫోర్ట్‌లో పుట్టారు. 1938లో నావికాదళంలో చేరారు. ఆయన వంటపనిలోకి వెళ్ళింది ఇష్టపడి కాదు, ఆయన ముందు మరో దారి లేక. ఆ రోజుల్లో కొత్తగా చేరే నల్లజాతి యువకులను అధికారులకు వండిపెట్టడానికి, వడ్డించడానికి, వారి గదులు సర్దడానికి మాత్రమే తీసుకునేవారు. ఇతర విభాగాల తలుపులు 1942 జూన్‌లో గాని వారికి తెరుచుకోలేదు. కాబట్టి "వంటవాడు" అనే హోదా ఆయన సామర్థ్యాన్ని చెప్పేది కాదు, ఆనాటి వ్యవస్థ ఆయన కోసం గీసిన గీతను చెప్పేది. ఈ తేడా గ్రహించకుండా ఆయన్ని తక్కువ చేసి మాట్లాడటం చాలా అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

[తెరపై: విమానవాహక నౌక అడ్డకోత బొమ్మ. మందుగుండు గది నుంచి పై డెక్కు వరకు బాణం గుర్తులు.]

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కాంక్రీటు పంపు మిషన్లు రాకముందు మన ఊళ్ళలో ఇంటికి స్లాబు ఎలా పోసేవారో గుర్తు చేసుకోండి. కింద మాలు కలుపుతారు, పైన మేస్త్రీ పరుస్తాడు, మధ్యలో నిచ్చెన పొడవునా నిలబడ్డ మనుషులు తట్టలను చేతి నుంచి చేతికి అందిస్తారు. చూసేవారి కళ్ళు మేస్త్రీ మీదే ఉంటాయి గాని, నిచ్చెన మీద ఒక్క మనిషి ఆగితే మేస్త్రీ చేతిలో ఏమీ ఉండదు. యుద్ధనౌక మీద ఫిరంగి కూడా అటువంటిదే. అందరూ ఫిరంగిని చూస్తారు. అయితే ఆ ఫిరంగికి ఒక్కొక్కటి సుమారు 25 కిలోల బరువుండే 5 అంగుళాల గుండ్లు కింది అంతస్తుల నుంచి ఆగకుండా అందాలి. అందుకే యుద్ధ సూచన మోగగానే వంటగదిలోని వాడు, కార్యాలయంలో రాతపని చేసేవాడు, బట్టలు ఉతికేవాడు, ఎవరైనా సరే తనకు కేటాయించిన యుద్ధస్థానానికి పరుగెత్తాలి. పింక్నీ యుద్ధస్థానం మందుగుండు అందించే గది. స్లాబు భాషలో చెప్పాలంటే ఆయన నిచ్చెన మీద మనిషి.

రెండవ ప్రపంచ యుద్ధంలో, 1942 అక్టోబరు 26న పసిఫిక్‌లోని సొలొమన్ దీవులకు తూర్పున శాంటా క్రూజ్ యుద్ధం జరిగింది. పింక్నీ పనిచేస్తున్న విమానవాహక నౌక ఎంటర్‌ప్రైజ్ మీద జపాన్ విమానాలు విరుచుకుపడ్డాయి. బాంబు పేలుడుకు మందుగుండు గది మంటల్లో చిక్కుకుంది, ఆయన తోటివారిలో ఎక్కువమంది అక్కడే చనిపోయారు, ఆయన స్పృహ తప్పి పడిపోయారు. మెలకువ వచ్చాక పొగలో, కాలుతున్న శిథిలాల మధ్య తడుముకుంటూ, పైనున్న విమానాల డెక్కులోకి తెరుచుకునే ద్వారం కిందికి చేరుకున్నారు. అక్కడ ప్రాణాలతో ఉన్న మరొక నావికుడు పైకి ఎక్కబోయి, స్పృహ కోల్పోయి కింద పడ్డాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. బయటికి పోయే దారి పింక్నీ తల మీదే తెరిచి ఉంది. ఆయనకూ ఒళ్ళు కాలింది. చుట్టూ మందుగుండు పేలుతోంది. ఆయన ముందుగా ఆ నావికుణ్ణి ఎత్తి ద్వారం గుండా పైకి చేర్చి, ఆ తరువాతే తాను బయటపడ్డారు. రోజూ కింది నుంచి పైకి గుండ్లు అందించడానికి నేర్చుకున్న చేతులు ఆ రోజు ఒక మనిషిని అందించాయి.

ఆ రోజు ఎంటర్‌ప్రైజ్ మీద 44 మంది మరణించారు. తోడుగా వచ్చిన మరో విమానవాహక నౌక హార్నెట్ మునిగిపోయింది. దాంతో పసిఫిక్‌లో అమెరికాకు యుద్ధానికి పనికివచ్చే విమానవాహక నౌకగా, దెబ్బతిన్న ఎంటర్‌ప్రైజ్ ఒక్కటే మిగిలింది. అంటే ఆ ఓడ నిలవడం ఒక్క ఓడకు సంబంధించిన విషయం కాదు.

పింక్నీకి నేవీ క్రాస్ ఇచ్చారు. ఆ దళంలో పరాక్రమానికి ఇచ్చే పతకాల్లో అది రెండవది. శాంటా క్రూజ్ యుద్ధానికి అయిదు నెలల ముందు, పెర్ల్ హార్బర్ దాడిలో సాహసం చూపిన డోరిస్ మిల్లర్ అనే మరో నల్లజాతి నావికుడికి అమెరికా పసిఫిక్ నౌకాదళ అధిపతి అడ్మిరల్ నిమిట్జ్ ఇదే పతకాన్ని ఇదే ఎంటర్‌ప్రైజ్ మీద అందజేశారు. మిల్లర్ కూడా వంట, వడ్డన విభాగం వాడే. ఇంత జరిగినా సైన్యంలో వర్ణవివక్షకు స్వస్తి పలికే అధ్యక్షుడు ట్రూమన్ ఆదేశం 1948లో గాని రాలేదు. పింక్నీ 1976లో మరణించారు.

[తెరపై: డిస్ట్రాయర్ పక్క నుంచి కనిపించే చిత్రం.]

సమయం తక్కువగా ఉంది కనుక ఓడ సంగతి వేగంగా చెబుతాను. మిసిసిపీలోని పాస్కగూలా నౌకా నిర్మాణ కేంద్రంలో దీన్ని కట్టారు. పింక్నీ భార్య హెన్రియెట్టా దీనికి నామకరణం చేశారు. 2004 మే 29న కాలిఫోర్నియాలోని పోర్ట్ వైనీమీలో సేవలో చేరింది. పొడవు 155 మీటర్లు, బరువు సుమారు 9,200 టన్నులు. నాలుగు గ్యాస్ టర్బైన్లతో 30 నాట్లకు, అంటే గంటకు సుమారు 55 కిలోమీటర్లకు మించి పరుగెత్తుతుంది. క్షిపణుల కోసం 96 నిలువు గొట్టాలు ఉన్నాయి.

నిచ్చెన మీద మనిషి ఇప్పుడు ఏమయ్యాడు? క్షిపణుల విషయంలో, రాడార్ చూసిన దాన్ని కంప్యూటర్లు లెక్కగట్టి గొట్టానికి చేరవేస్తాయి కనుక తట్టలు తీగల్లో ప్రయాణిస్తున్నాయి. ఫిరంగి విషయంలో అలా కాదు. ముందు డెక్కు మీద ఉన్న 5 అంగుళాల ఫిరంగి తన డ్రమ్ములోని 20 గుండ్లను తనంతట తానే పేల్చగలదు గాని, ఆ డ్రమ్ము ఖాళీ అయితే నింపవలసింది కింది గదిలోని నావికులే. పింక్నీ చేసిన పని ఆయన పేరున్న ఓడలో నేటికీ మనుషుల చేతులతోనే జరుగుతోంది.

చివరిగా ఒక్క విషయం. దూసుకువచ్చే క్షిపణుల రాడార్లను తికమకపెట్టే కొత్త ఎలక్ట్రానిక్ యుద్ధ వ్యవస్థను అమెరికా 2023లో మొట్టమొదట అమర్చిన ఓడ ఇదే. ఓడను నడిపే గది (బ్రిడ్జి) కింద రెండు పక్కలా ఉబ్బెత్తుగా కనిపించే పెద్ద పెట్టెలు అవే. అవి ఎలా పనిచేస్తాయో చెప్పడానికి పూర్తిగా మరో వీడియో కావాలి, దాన్ని త్వరలో చేస్తాను.