మిర్యాలగూడ హార్మోనియం, అచ్చంపేట డోలక్: ఎవరింట్లో వాళ్లుండి ఒక పాట పూర్తి చేయడం ఎలా?

(మొదటి షాట్: ఫోన్‌లో వీడియో కాల్. నాలుగు గడుల్లో హార్మోనియం, డోలక్, తాళాలు, పాడే మనిషి. పల్లవి దాటకముందే అంతా కలగాపులగం.)

ఊళ్లో శనివారం భజనకు కలిసి కూర్చునేవాళ్లు ఇప్పుడు తలో దిక్కు. హార్మోనియం వాయించే అన్న మిర్యాలగూడలో, డోలక్ తమ్ముడు అచ్చంపేటలో, తాళాలు వేసే బావ పుణెలో పని మీద, పాడే అక్క నల్లగొండలో. సరే, వీడియో కాల్ పెట్టుకుందాం అనుకుంటారు. రెండు లైన్లు పాడేసరికి పాట ఈడ్చుకుపోతుంది. "నీ నెట్ బాగలేదు తమ్మీ" అని ఒకరు, "నాది మంచిగనే ఉందన్నా, నీదే చూసుకో" అని ఇంకొకరు.

ఇద్దరి నెట్టూ బాగానే ఉండొచ్చు. వీడియో కాల్ మాట కోసం కట్టింది, తాళం కోసం కాదు. ఎందుకో ముందు చూద్దాం. ఆ తర్వాత ఇదే నలుగురు, ఇవే ఫోన్లతో పాట ఎట్లా పూర్తి చేయాలో చూద్దాం.

(గ్రాఫిక్: గుడి మండపంలో ఇద్దరు వాద్యకారులు. మధ్యలో దూరం, శబ్దం పట్టే సమయం.)

గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. మండపంలో మీకు పది అడుగుల అవతల డోలక్ ఉంటే ఆ దెబ్బ మీ చెవిని చేరడానికి 9 మిల్లీసెకన్లు పడుతుంది. అది మనకు తెలియను కూడా తెలియదు. ఆలస్యం 25, 30 మిల్లీసెకన్లు దాటిందంటే కలిసి వాయించడం కష్టమవుతుంది. దూరం లెక్కలో చెప్తే అది దాదాపు పది మీటర్లు. జాతరలో డప్పుల వరుస మరీ పొడుగైనప్పుడు ముందువాళ్ల దరువుకూ వెనకవాళ్ల దరువుకూ తేడా కొడుతుంది చూడండి, దానికి ఇదే కారణం.

కాల్‌లో మీ శబ్దం నేరుగా పోదు. ఫోన్ దాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, కుదించి పంపుతుంది. అవతలి ఫోన్ కొన్ని ముక్కలు పోగుచేసుకున్నాకే వినిపించడం మొదలుపెడుతుంది. మాట్లాడుకోవడానికి 150 మిల్లీసెకన్ల ఆలస్యం దాకా పర్వాలేదని అంతర్జాతీయ టెలికాం ప్రమాణమే చెప్తుంది. మాటలకు పర్వాలేదు. పాటకు?

(స్క్రీన్ మీద: నిమిషానికి 90 దెబ్బలు. రెండు దెబ్బల మధ్య 667 మిల్లీసెకన్లు. అందులో నాలుగో వంతు 167.)

నిమిషానికి 90 దెబ్బల నడక తీసుకుందాం, మామూలు భజన నడకే. రెండు దెబ్బల మధ్య 667 మిల్లీసెకన్ల ఖాళీ. డోలక్ తమ్ముడు ఆ ఖాళీని నాలుగు చేసి వాయిస్తే ఒక్కో చిన్న దెబ్బకు 167. అంటే 150 ఆలస్యమైతే తమ్ముడి చేయి దాదాపు ఒక చిన్న దెబ్బ వెనక ఉన్నట్టు అన్నకు వినిపిస్తుంది. అన్న వాడికోసం కాస్త ఆగుతాడు. వాడికి అన్న వెనకబడ్డట్టు వినిపించి వాడూ ఆగుతాడు. ఒకరికోసం ఒకరు ఆగుతూ పోతే పాట బండి చక్రం బురదలో దిగినట్టే.

కాల్‌లో ఇంకో తంటా కూడా ఉంది. ఫ్యాన్ చప్పుడు, కూలర్ చప్పుడు తీసేయడానికి అందులో ఒక ఏర్పాటు ఉంటుంది. హార్మోనియం మీద ఒకే స్వరాన్ని పట్టుకుని కూర్చుంటే, అదీ కూలర్ మోతే అనుకుని దాన్నీ అణిచేస్తుంది.

కాబట్టి కాల్ వదిలేయండి. పాటను ఒకరి తర్వాత ఒకరు వాయించి పంపుకోండి. మొదటివాళ్లు రికార్డు చేసింది రెండోవాళ్లు ఇయర్‌ఫోన్‌లో వింటూ, దాని మీద తమది వాయించి, అది మాత్రమే వేరే ఫోన్‌లో రికార్డు చేయాలి. చివరికి ముక్కలన్నీ ఒకరు కలుపుతారు.

(షాట్: హార్మోనియం మెట్ల మీద చేతులు.)

మొదట ఎవరు? శ్రుతి మార్చుకోలేనివాళ్లు. హార్మోనియం రీడ్లు, అంటే పెట్టె లోపల గాలికి మోగే సన్నటి రేకులు, అప్పటికప్పుడు సరిచేసుకునేవి కావు. చాలా ఇళ్లలో ఉన్నవి పాత పెట్టెలు, ఒకటిన్నర శ్రుతి అనుకున్నది ఫోన్‌లో శ్రుతి యాప్‌తో పోలిస్తే కాస్త అటో ఇటో ఉంటుంది. అందుకని యాప్‌ను నమ్మి ఎవరికి వాళ్లు శ్రుతి చేసుకోవద్దు. హార్మోనియం అన్న ముందుగా స, ప రెండూ పట్టి పది సెకన్లు రికార్డు చేసి పంపాలి. మిగతావాళ్లకు అదే కొలబద్ద.

మీ దగ్గర కిన్నెర లాంటి తీగల వాద్యం ఉంటే వరుస అక్కడినుంచే మొదలు. పాలమూరు వైపు కిన్నెర గురించి చెప్పేదేముంది, లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య గారికి 12 మెట్ల కిన్నెరకే 2022లో పద్మశ్రీ వచ్చింది. నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన దాసరి కొండప్ప గారికి బుర్రవీణకు 2024లో వచ్చింది. ఇట్లాంటి వాద్యం పక్కన హార్మోనియం పెట్టి "నువ్వు నా శ్రుతికి రా" అంటే పని జరగదు. వాద్యం చేసినవాడి చెవికి కుదిరిన స్వరాలవి. దాన్ని ముందు రికార్డు చేసి, పాడేవాళ్లు దాన్ని పట్టుకుని పోవడమే మర్యాద. హార్మోనియం కలవకపోతే ఆ పాటకు హార్మోనియం వద్దు, అంతే.

వేణువు వాయించేవాళ్లకు ఒక మాట. గాలి వేడెక్కితే శబ్దం వేగం పెరుగుతుంది, దాంతో వేణువు శ్రుతి పైకి పోతుంది. రీడు మాత్రం అట్లా పోదు. మే నెలలో నల్లగొండ రేకుల ఇంట్లో మధ్యాహ్నం పూట వాయించి, సంక్రాంతికి రికార్డు చేసిన హార్మోనియంతో కలపాలని చూస్తే చెవికి గుచ్చుకుంటుంది. పొద్దున్నే వాయించండి. డప్పుది ఇంకో గోల. వానాకాలం తేమకు తోలు సడలిపోతుంది. మంట దగ్గర కాగబెట్టి, ఒకసారి కొట్టి చూసి, చల్లబడకముందే రికార్డు చేసుకోవాలి.

(షాట్: ఒకే మంచం మీద రెండు ఫోన్లు. ఒకదానికి ఇయర్‌ఫోన్, ఇంకొకటి రికార్డింగ్‌లో.)

ఇప్పుడు అసలు కిటుకు. అన్న పాట మొదలుపెట్టే ముందు "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అని లెక్కపెట్టి, నాలుగు దగ్గర గట్టిగా ఒక చప్పట్టు కొట్టాలి. తమ్ముడు మొదటి ఫోన్‌లో అది వింటాడు. రెండో ఫోన్‌లో రికార్డింగ్ ముందే ఆన్ చేసి ఉంచుతాడు. అన్న లెక్క వింటూ, నాలుగు దగ్గర తనూ చప్పట్టు కొట్టి, తర్వాత డోలక్ ఎత్తుకుంటాడు.

కలిపేటప్పుడు ఆ రెండు చప్పట్లను ఒకదాని కింద ఒకటి పెడితే చాలు, మిగతా పాటంతా దానంతటదే కూర్చుంటుంది. తమ్ముడు బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌లో విన్నా ఇబ్బంది లేదు. అందులో పాట ఆలస్యంగా వినిపిస్తుంది నిజమే, కానీ చప్పట్టు కూడా అంతే ఆలస్యంగా వినిపించింది కదా! రెండూ ఒకేసారి వెనక్కి జరుపుతారు, లెక్క సరి. ఒకే ఫోన్‌లో, ఒకే యాప్‌లో వింటూ రికార్డు చేసేవాళ్లు మాత్రం తీగ ఉన్న ఇయర్‌ఫోనే వాడాలి.

(స్క్రీన్ మీద: ఆడాసిటీలో రెండు ట్రాకులు. పొడుగ్గా లేచిన చప్పట్టు గీతలు ఒకే వరుసలోకి రావడం.)

కలపడానికి కంప్యూటర్ ఉంటే ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితం. చప్పట్టు అందులో నిలువు గీతలా లేచి కనిపిస్తుంది, వెతుక్కునే పనే లేదు.

నడక కోసం మెట్రోనోమ్, అంటే టిక్కుటిక్కుమని లెక్క కొట్టే యంత్రం, పెట్టుకోవాలా? నేర్చుకునేవాళ్లు పెట్టుకోండి. జాతర పాటలకు, బతుకమ్మ పాటలకు మాత్రం వద్దంటాను. మన పాట చివరికి వచ్చేకొద్దీ సహజంగా వేగం అందుకుంటుంది. యంత్రం టిక్కుటిక్కుమంటూ ఉంటే అది పోతుంది. అట్లాంటి పాటకు దరువు వేసేవాళ్లే దారి చూపాలి. పక్కన ఎవరైనా సన్నగా పాడుతుంటే డప్పు మొత్తం ఒకసారి రికార్డు చేసి, మిగతావి దాని మీద ఎక్కించండి. పాడిన ఆ గొంతు గుర్తు కోసమే, చివరికి పాడే అక్క గొంతు దాన్ని కప్పేస్తుంది.

రికార్డింగ్ విషయానికి వస్తే, స్లాబు ఇల్లు, ఖాళీ గది అయితే శబ్దం గోడలకు తగిలి మోగుతుంది. పరుపులు, బట్టలు, బియ్యం బస్తాలు ఉన్న గదే మీ స్టూడియో. ఫ్యాన్ ఆపండి, చెమట పట్టినా సరే. ఫోన్‌ను హార్మోనియం మీద పెట్టకండి, మెట్ల టకటక అంతా ఎక్కుతుంది. రెండడుగుల ముందు, చిన్న స్టూలు మీద పెట్టండి. డప్పుకైతే ఆరేడు అడుగులు దూరం జరగాలి. సిర్ర దెబ్బ దగ్గరగా పడితే ఫోన్ మోయగలిగిన హద్దు దాటి, శబ్దం పైభాగం తెగిపోతుంది. తెగింది తర్వాత ఎవరూ అతికించలేరు.

పంపేటప్పుడు వాట్సాప్ వాయిస్ మెసేజ్ వద్దు. అది మాటల కోసం బాగా కుదించేస్తుంది. రికార్డర్‌లో చేసుకుని, ఆ ఫైలును డాక్యుమెంట్‌గా పంపండి. కుదించని మామూలు వేవ్ ఫైలు మోనోలో (స్టీరియో కాకుండా ఒకే చానల్‌లో) నిమిషానికి 5 ఎంబీ పైన ఉంటుంది, అంతే.

(షాట్: గ్రూపులో వచ్చిన మెసేజ్‌లు. దండాలు, పూలు, "సూపర్".)

ఇక వినేవాళ్ల సంగతి. ఏ భజన గ్రూపు తెరిచినా ఇదే, దండం గుర్తు, పూలబొకే, "సూపర్ అన్నా". వాయించినవాడికి సంతోషమే, కాని వచ్చే వారం ఏం మార్చుకోవాలో తెలియదు. చెప్పేదేదో టైం చూసి చెప్పండి. "తమ్మీ, మొదటి చరణం మంచిగ నిలబెట్టినవ్. 1 నిమిషం 20 దగ్గర చేయి ఉరికింది, ఆడ ఒక్కసారి మళ్ల చూడు." ఒక మెసేజ్‌కు ఒకే లోపం. పది లోపాలు ఒకేసారి చెప్తే తమ్ముడు డోలక్ అటక మీద పెట్టేస్తాడు. కొత్తగా చేరిన పిల్లవాడి ముక్కకు మొదటి జవాబు ఎప్పుడూ పెద్దవాళ్లదే కావాలి. ఊళ్లో తాళాలు చేతికిచ్చి "వెయ్ బిడ్డా" అనేది కూడా వాళ్లే కదా. ఊరికే విని తీర్పులు చెప్పేవాళ్లు, తమది ఒక్క ముక్క కూడా పంపనివాళ్లు గ్రూపులో ఎక్కువైతే వాయించేవాళ్లు మెల్లగా మానేస్తారు. అందుకని పాట పంపినవాళ్లకే లోపం చెప్పే హక్కు అని పెట్టుకున్నా తప్పులేదు.

నలుగురూ ఒప్పుకోనిదే పాటను యూట్యూబ్‌లో బహిరంగంగా పెట్టకండి. అన్‌లిస్టెడ్ అని పెడితే లింకు ఉన్నవాళ్లకే కనిపిస్తుంది. పాట రాసినవాళ్లు ఎవరో తెలిస్తే పేరు వేయండి. జానపదం అనుకునేవాటిలో నిన్న మొన్న ఎవరో రాసినవీ చాలా ఉన్నాయి. మన దేశంలో రచయిత పోయాక కూడా 60 ఏళ్ల దాకా పాట మీద హక్కు ఉంటుంది.

కలిపిన పాట చేతికొచ్చాక విడివిడి ముక్కలు మాత్రం చెరపకండి. వచ్చే వారం తమ్ముడు ఆ 1 నిమిషం 20 దగ్గర సరిచేసుకుని డోలక్ మళ్లీ పంపిస్తాడు, ఆ ఒక్క ట్రాకు మారిస్తే సరిపోతుంది.