రెస్టారెంట్‌లో లైవ్ మ్యూజిక్: చిన్న హాల్లో సౌండ్ సెట్ చేసుకోవడం

నమస్కారం అండీ. ఇది నెల్లూరు, మాగుంట లేఅవుట్ వైపు ఒక ఫ్యామిలీ రెస్టారెంట్ హాలు. 18 టేబుళ్ళు, నిండితే 70 మంది. శనివారం సాయంత్రం ఏడున్నరకి పాటలు. ఇద్దరు సింగర్లు, ఒక కీబోర్డు, ఒక రిథమ్ ప్యాడ్, కొన్ని పాటలకి ఫోన్లోంచి ట్రాక్. సామాను దించడం దగ్గర్నుంచి సౌండ్ చెక్ అయ్యేదాకా మొత్తం చూపిస్తాను.

ముందు ఒక మాట. కల్యాణ మండపం సౌండు వేరు, ఇది వేరు. ఈడకి జనం భోంచేయడానికి వస్తారు. ఎదురుగా కూర్చున్న మనిషితో గొంతు పెంచకుండా మాట్లాడుకోగలగాలి, పాటలో మాట కూడా చెవిన పడాలి. రెండూ కావాలి. పాటలో మాట తెలిస్తే సౌండు చాలినట్టే. మాట తెలీనప్పుడే జనం "వినపడలేదు" అంటారు, మనం వాల్యూమ్ పెంచుతాం, వాళ్ళు ఇంకా గట్టిగా మాట్లాడతారు, మనం ఇంకా పెంచుతాం. అందుకని ఈరోజు చేసే ప్రతి పనీ మాట కోసమే.

సరే, హాలు చూడండి. కింద టైల్సు, ఎదురుగా రోడ్డు వైపు అద్దం, పైన గట్టి సీలింగు. చప్పట్లు కొడతాను, వినండి. ఆ "టంగ్" అని తిరిగొచ్చింది కదా, అది అద్దం నుంచి. కర్టెన్ ఉంటే వేసేయండి, అంతే. అద్దానికి ఎదురుగా మాత్రం స్పీకర్ పెట్టబాకండి. ఈ గోడ వైపు పెట్టి, పొడవునా హాల్లోకి తిప్పాం.

స్పీకర్లు రెండు, 10 అంగుళాల యాక్టివ్ స్పీకర్లు, అంటే యాంప్లిఫయర్ లోపలే ఉండేవి. 15 అంగుళాలవి ఈడకి అక్కర్లేదు. స్టాండు మీద, స్పీకర్ అడుగుభాగం 6 అడుగుల ఎత్తుకి రావాలి, మొహం కొంచెం కిందికి వంచాలి. కూర్చున్న మనిషి చెవి 4 అడుగుల దగ్గర ఉంటుంది. స్పీకర్ కూడా అదే ఎత్తులో ఉంటే ముందు టేబుల్ వాళ్ళకి తల పగిలిపోద్ది, వెనక టేబుల్‌కి ఏమీ రాదు. దూరం రెట్టింపు అయితే దాదాపు 6 డెసిబెల్స్ పడిపోతుంది కదా. ఎత్తులో పెడితే ముందు టేబుల్‌కీ వెనక టేబుల్‌కీ ఆ తేడా తగ్గుతుంది. మూలలోకి నెట్టబాకండి, బేస్ ఉబ్బిపోతుంది. రెండు స్పీకర్లూ పాడేవాళ్ళ కంటే ముందుండాలి, మైకు వెనకే ఉండాలి.

నన్నడిగితే మాత్రం రెండు పెద్దవాటి కంటే నాలుగు చిన్నవి మేలు. హాలంతా పంచి, అన్నీ తక్కువ సౌండులో. వెనక జతకి డిలే ఇవ్వాలి, అంటే ముందు స్పీకర్ సౌండు అక్కడికి చేరేదాకా ఆగి మోగేట్టు చేయాలి, ముందు స్పీకర్ నుంచి 10 మీటర్ల దూరంలో ఉంటే సుమారు 29 మిల్లీసెకన్లు. డిజిటల్ మిక్సర్ అయితే అవుట్‌పుట్‌లోనే ఆ డిలే ఉంటుంది. ఈరోజు మన దగ్గర రెండే ఉన్నాయి, రెండుతోనే చేద్దాం.

కరెంటు. మిక్సరు, కీబోర్డు అడాప్టరు, ప్యాడు, స్పీకర్లు, అన్నీ ఒకే లైను నుంచి. ఫ్రిజ్‌లు, వంటింటి మిక్సీ ఉండే లైను వద్దు. "గుయ్" అని హమ్మింగ్ వస్తే కీబోర్డుకి డీఐ బాక్స్, అంటే కీబోర్డుకీ మిక్సరుకీ మధ్య పెట్టే చిన్న డబ్బా, పెట్టి, దాని మీద గ్రౌండ్ లిఫ్ట్ బటన్ నొక్కండి. అంతేగానీ ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేయబాకండి. మైకు పట్టుకునే మనిషి ప్రాణం అది.

వైర్లు గోడ వెంబడి. వెయిటర్ వేడి చేపల పులుసు గిన్నెతో వచ్చే దారి ఇదిగో, ఈ దారికి అడ్డంగా ఒక్క వైరు కూడా పోకూడదు. తప్పనిసరైతే గుడ్డ టేపు, గాఫర్ టేపు అంటారు, అదే వేయండి. బ్రౌన్ టేపు వేస్తే పీకినాక జిగురు టైల్సుకీ వైరుకీ అంటుకునే ఉంటుంది.

కనెక్షన్లు, మిక్సర్లో ఏ ఛానల్‌కి ఏది. ఒకటి, రెండు ఛానళ్ళు సింగర్ మైకులు. మూడు ప్యాడు. నాలుగు అనౌన్స్‌మెంట్ మైకు. 5-6 కీబోర్డు. 7-8 ఫోను. ఫ్యాంటమ్ బటన్, మైకుకి 48 వోల్టుల కరెంటు పంపేది, ఆఫ్‌లోనే ఉంచండి, ఇవి డైనమిక్ మైకులు, వీటికి అది అక్కర్లేదు. అయిపోయింది.

ఇప్పుడు ఫోను. ఈడ ఆగుదాం, నిదానంగా చూడండి. చాలామంది చిక్కుకుపోయేది ఈ వైరు దగ్గరే.

ఈ రెండు వైర్లు చూడండి. కెమెరాకి దగ్గరగా పెడతాను. ఈ మొదటి దాని పెద్ద జాక్ మీద నల్ల గీతలు ఎన్ని? రెండు. అంటే స్టీరియో జాక్. ఒక కొస ఫోనుకి, ఇంకో కొస ఈ పెద్ద జాక్, చూడ్డానికి బాగుంది, మిక్సర్లో ఒక ఛానల్‌కి పెట్టేస్తే సరిపోతుందనిపిస్తుంది. పెట్టాను. ట్రాక్ వేస్తున్నాను. వినండి.

వస్తోంది కదా, కానీ డొల్లగా వస్తోంది. డ్రమ్ము లేదు, బేస్ గిటారు లేదు. ఎకో మాత్రం వినపడుతోంది, కోరస్ వినపడుతోంది. ఇక అప్పుడు ట్రాక్ బాగాలేదనుకుంటారు, ఫోను బాగాలేదనుకుంటారు, స్పీకర్లో బేస్ పెంచుతారు. ఏదీ కాదు. మిక్సర్ ఇన్‌పుట్ బ్యాలెన్స్‌డ్. జాక్ కొసకి వచ్చేదాంట్లోంచి మధ్య రింగుకి వచ్చేదాన్ని తీసేస్తుంది, అది దాని పని, వైర్లో పట్టుకున్న రొదని తీసేయడానికి అట్టా చేస్తుంది. మనం కొస మీద ఎడమ పాట, రింగు మీద కుడి పాట ఇచ్చాం. ఎడమలోంచి కుడి తీసేస్తే, రెండింట్లో సమానంగా ఉండేదంతా పోతుంది. డ్రమ్ము, బేస్, మధ్యలో ఉండే గొంతు, ఇవన్నీ రెండు వైపులా సమానంగానే ఉంటాయి. అందుకే అవే పోయాయి.

అనుమానం ఉంటే ఇట్టా పరీక్ష చేయండి. ఫోన్ సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీలో మోనో ఆడియో అని ఉంటుంది, ఆన్ చేయండి. చూశారా, పాట దాదాపు చచ్చిపోయింది. రెండు వైపులా ఒకటే అయిపోయింది కాబట్టి మొత్తం కొట్టేసుకుంది. మోనో పెట్టగానే పాట మాయమైతే, వైరు తప్పు. ఇంకేం వెతకబాకండి.

సరైన వైరు ఇది. ఫోను వైపు ఒక్క చిన్న జాక్, మిక్సర్ వైపు రెండు పెద్ద జాక్‌లు, ఒక్కోదాని మీద ఒక్క నల్ల గీతే. ఎడమది ఏడుకి, కుడిది ఎనిమిదికి. ఇప్పుడు వినండి. డ్రమ్ము వచ్చింది. బేస్ వచ్చింది. అదే ఫోను, అదే ట్రాకు.

మిక్సర్లో ఒక్క ఛానలే మిగిలితే? ఫోన్లో మోనో ఆన్ చేసి, రెండు జాక్‌లలో ఒక్కటే పెట్టండి. ఏదీ పోదు. రెండింటినీ వై కనెక్టర్‌తో ఒకటి చేసి మాత్రం పెట్టబాకండి, ఫోన్లో ఎడమ అవుట్‌పుట్, కుడి అవుట్‌పుట్ ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, సౌండు చెడిపోతుంది.

ఫోను ఫ్లైట్ మోడ్‌లో ఉండాలి. చరణం మధ్యలో రింగ్‌టోన్ హాలంతా మోగితే పాట ఆగిపోయినట్టే. బ్లూటూత్‌తో ట్రాక్ వేయడం నాకు నచ్చదు, రద్దీలో తెగిపోతుంది.

గెయిన్, అంటే మైకు సౌండు మిక్సర్లోకి ఎంత తీసుకోవాలో చెప్పే బటన్. ఛానల్ ఫేడర్ని "0" అని రాసున్న గీత దగ్గర పెట్టి, అట్టడుగున కాదు, గెయిన్ తిప్పండి. సింగర్ని "హలో హలో" అనమనకండి, ఆ పాటలో గొంతు బాగా పైకి పోయే చరణం పాడమనండి. నెల్లూరులో బాలు గారి పాటలే ఎక్కువ అడుగుతారు, వాటిలో పైస్థాయి ఉంటుంది, దాన్ని బట్టే గెయిన్. పచ్చ లైట్లు నిండుగా, పసుపు అప్పుడప్పుడు, ఎరుపు ఎప్పుడూ వద్దు. లో కట్ బటన్, అంటే అడుగు స్థాయి గుడగుడని కోసేసేది, కొన్నిటిలో 80 హెర్ట్జ్, కొన్నిటిలో 100, గొంతు మైకులకి నొక్కేయండి.

మైకు పట్టుకోవడం. పెదవికి రెండు వేళ్ళ దూరం. జాలీని గుప్పిట్లో మూస్తే మైకు అన్ని వైపుల నుంచీ సౌండు లాగేసుకుంటుంది, స్పీకర్ సౌండు మళ్ళా మైకులోకి పోయి వెంటనే కూస్తుంది. చూపిస్తాను... విన్నారా. మానిటర్, అంటే పాడేవాళ్ళకి వాళ్ళ పాట వినపడేందుకు పెట్టే స్పీకర్, మైకు తోకకి సరిగ్గా ఎదురుగా, ఇక్కడ. ఇది కార్డియాయిడ్ మైకు, వెనక వైపు తక్కువ వింటుంది. సూపర్‌కార్డియాయిడ్, అంటే తోక వైపు కూడా కాస్త వినే రకం అయితే మానిటర్ని కాస్త పక్కకి జరపాలి.

కూత తీయడం. మైకులు తెరిచి మాస్టర్ మెల్లగా పెంచండి. "కీ" అని సన్నగా కూస్తే 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య, "ఊ" అని మూలిగితే 250 నుంచి 500 మధ్య ఉంటుంది. ఈక్వలైజర్లో ఆ బ్యాండు 3 డెసిబెల్స్ దించండి. మళ్ళా పెంచండి, ఇంకోటి కూస్తుంది, దించండి. మూడు నాలుగు చాలు. ఇంకా దించుకుంటూ పోతే గొంతు ముక్కులోంచి వచ్చినట్టు అయిపోతుంది. తరవాత మాస్టర్ 6 డెసిబెల్స్ కిందికి. ఒక మైకు తెరిచున్నప్పటికంటే రెండు తెరిచుంటే 3 డెసిబెల్స్ ముందే కూస్తుంది. పాడని మైకు మ్యూట్. నాలుగో ఛానల్, అంటే బర్త్‌డే అనౌన్స్‌మెంట్ మైకు, అవసరమైనప్పుడే తెరవండి.

ఎకో. సింగర్లు ఎక్కువ అడుగుతారు. ఈ టైల్సు హాల్లో ఎకో అప్పటికే ఉంది, ఇంకా కలిపితే ఒక మాట మీద ఇంకో మాట పడుతుంది, ఒత్తులు వినపడవు. మానిటర్లో వాళ్ళకి కావాల్సినంత ఇవ్వండి, హాల్లోకి కొంచెమే. మాట్లాడేటప్పుడు పూర్తిగా మ్యూట్. ఎకో పాట వేగానికి కుదరాలంటే 60,000ని పాట బీపీఎంతో, అంటే నిమిషానికి పడే తాళం దెబ్బల లెక్కతో, భాగించండి. 120 బీపీఎం అయితే 500 మిల్లీసెకన్లు. ట్యాప్ బటన్ ఉంటే తాళానికి నాలుగు సార్లు కొట్టండి, ఇంకా సులువు.

ఇప్పుడు నడిచి చూద్దాం. మిక్సర్ దగ్గర కూర్చుని సౌండు తేల్చబాకండి. మధ్య టేబుల్‌లో కూర్చోండి. ఫోన్లో సౌండ్ మీటర్ యాప్, రెండు మూడు డెసిబెల్స్ అటూ ఇటూ చెప్తుంది, అయినా పనికొస్తుంది. మధ్య టేబుల్ దగ్గర 70 నుంచి 75. అది దాటితే పక్క మనిషి మాట తెలీదు. హాలు ఖాళీగా ఉన్నప్పుడు మోగేదానికీ, జనం నిండాక మోగేదానికీ తేడా ఉంటుంది, మనుషులు, బట్టలు సౌండు పీల్చుకుంటాయి. రెండో పాటప్పుడు మళ్ళా ఒక చుట్టు తిరగండి.

అనుమతులు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం లౌడ్‌స్పీకర్‌కి రాతపూర్వక అనుమతి ఉండాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట వాడకూడదు. డాబా మీద, పెరట్లో పాటలు పెట్టే రెస్టారెంట్లకి ఇది ముఖ్యం, తొమ్మిదిన్నరకి చివరి పాట మొదలు కావాలి. వాణిజ్య ప్రాంతానికి పరిమితి పగలు 65, రాత్రి 55 డెసిబెల్స్. నివాస ప్రాంతానికి 55, 45. మన ప్రహరీ దగ్గర నిలబడి కొలవండి, లోపల కాదు. సినిమా పాటలు లైవ్‌గా పాడించేటప్పుడు సాహిత్యం, బాణీ హక్కులకి ఐపీఆర్‌ఎస్, అంటే పాటల రచయితల, స్వరకర్తల హక్కుల సంస్థ, లైసెన్సు చూసుకోవాలి. రికార్డు పాట వేస్తే రికార్డింగ్ హక్కు వేరు.

పాటల వరస గురించి ఒక్క మాట. ఏడున్నర నుంచి ఆర్డర్లు ఇచ్చే టైము, మెలోడీలు పెట్టండి, ప్యాడ్ తక్కువగా. 45 నిమిషాలు పాడి 15 నిమిషాలు విరామం. విరామంలో వేసే రికార్డు పాట, లైవ్ కంటే సౌండు తక్కువుండాలి, లేకపోతే తిరిగి పాడేటప్పుడు గొంతు చిన్నదై కనపడుతుంది.

ఆఫ్ చేసేటప్పుడు మాస్టర్ కిందికి, ముందు స్పీకర్లు ఆఫ్, ఆఖర్న మిక్సరు. ఆన్ చేసేటప్పుడు తిరగేసి, ముందు మిక్సరు, ఆఖర్న స్పీకర్లు. లేకపోతే "దడ్" మని కొట్టి ట్వీటర్ పోతుంది. వైర్లు మోచేతికి చుట్టబాకండి, మెలికలు పడి లోపల తెగుతాయి. ఇట్టా, ఒక చుట్టు పైకి, ఒక చుట్టు కిందికి తిప్పి పెట్టండి. వచ్చే వారం తీసేటప్పుడు ఇట్టా విసిరితే నేరుగా పరుచుకుంటుంది.