బండికి సొట్ట పడలేదు, నా మెడ పట్టేసింది

అందరికీ నమస్కారం. ఎండ ముదరకముందే ఇన్ని పాత బండ్లు ఒకచోట చూడటం నాకు పండగే. లోపలికి వస్తూ ఏడు అంబాసిడర్లు, నాలుగు ఫియట్లు, ఒక స్టాండర్డ్ హెరాల్డ్ లెక్కపెట్టాను. ఆ ఫియట్లలో తెల్లది నాది. 1972లో మా నాన్నగారు కొన్నారు. దాని వెనక సీట్లో కూర్చునే పెరిగాను, స్టీరింగ్ పక్కన ఉండే గేరు వేయడం దాని మీదే నేర్చుకున్నాను. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇవాళ నేను చెప్పేవాటిలో కొన్ని మీకు చేదుగా ఉంటాయి, పాత బండ్లంటే గిట్టనివాడెవడో మాట్లాడుతున్నాడని మీరు అనుకోకూడదు.

మూడేళ్ల క్రితం మెహదీపట్నం వైపు ఒక సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నాను. వెనక నుంచి ఒక కొత్త చిన్న కారు వచ్చి గుద్దింది. పెద్ద స్పీడేమీ కాదు, ఇరవయ్యో పాతికో ఉంటుంది. దిగి చూస్తే ఆ కారు బంపర్ ఊడి వేలాడుతోంది, బానెట్ మడత పడింది, రేడియేటర్ నీళ్లు రోడ్డు మీద కారిపోతున్నాయి. నా ఫియట్ వెనక బంపర్ మీద ఒక గీత పడింది, అంతే. టీకొట్టు దగ్గర ఉన్నవాళ్లంతా వచ్చి చుట్టూ చేరారు. "పాత ఇనుము అన్నా, ఎట్లుందో చూడు" అన్నారు. నాక్కూడా గర్వంగానే అనిపించింది. ఆ కారు నడిపిన కుర్రాడు భయంతో వణుకుతున్నాడు గానీ వాడి ఒంటికి చిన్న దెబ్బ కూడా తగల్లేదు. నేను మాత్రం మర్నాడు పొద్దున మంచం మీద నుంచి లేవలేకపోయాను. మెడ తిరగలేదు. ఆరు వారాలు కాలర్ పెట్టుకుని తిరిగాను, ఇప్పటికీ బండి రివర్స్ చేసేటప్పుడు మెడ పూర్తిగా తిప్పలేను.

డాక్టరుగారు మొదట అడిగింది, "మీ సీటుకి హెడ్‌రెస్ట్ ఉందా?" అని. లేదు. నా ఫియట్ ముందు సీటు భుజాల దగ్గరే ఆగిపోతుంది. వెనక నుంచి గుద్దగానే సీటు నా ఒంటిని ముందుకు తోసింది, తలకి మాత్రం వెనక ఏ ఆధారమూ లేదు, ఉన్నచోటే ఉండిపోయింది, ఆ రెంటి మధ్యా మెడ నలిగిపోయింది.

మంచాన పడి ఉన్న ఆ రోజుల్లోనే ఒక విషయం బుర్రకెక్కింది. గుద్దుకున్నప్పుడు పుట్టిన దెబ్బ ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదా, ఆ కుర్రాడి కారులో అది బంపర్‌లోకీ బానెట్‌లోకీ రేడియేటర్‌లోకీ పోయింది, నా బండిలో ఏదీ మడత పడలేదు కాబట్టి నా దాకా వచ్చింది. చిన్నప్పుడు నూజివీడు నుంచి మా ఇంటికి మామిడికాయల బుట్ట వచ్చేది. కాయల చుట్టూ, అడుగున, పైన వరిగడ్డి కూరి పంపేవాళ్లు. బుట్ట విప్పేసరికి గడ్డి నలిగి పొట్టయ్యేది, కాయకి మచ్చ ఉండేది కాదు. గడ్డి నలిగిపోయిందని ఎవరూ బాధపడేవాళ్లు కాదు, దాని పనే నలగడం. కొత్త కారు ముందు భాగమూ వెనక భాగమూ ఆ గడ్డి. మనుషులు కూర్చునే గది మాత్రం మడత పడకూడదు. మనవాళ్లు కొత్త కార్లని చూసి రేకు డబ్బాలు అంటుంటారు, నేనూ చాలా ఏళ్లు అన్నాను, ఇప్పుడు ఆ మాట అనను.

అయితే పాత బండి అంతా గట్టిగా ఉంటుందనుకోవడం కూడా పొరపాటే. 2009లో అమెరికాలో ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ హైవే సేఫ్టీ అనే రోడ్డు భద్రత సంస్థ వాళ్లు తమ సంస్థకి 50 ఏళ్లు నిండిన సందర్భంగా ఒక పరీక్ష చేశారు. ఒకవైపు 1959 షెవర్లే బెల్ ఎయిర్, ఎదురుగా 2009 షెవర్లే మాలిబూ. రెండింటినీ గంటకి 64 కిలోమీటర్ల వేగంతో, డ్రైవర్ వైపు భాగాలు ఒకదానికొకటి తగిలేలా గుద్దించారు. బెల్ ఎయిర్ అంటే మన అంబాసిడర్ పక్కన పెడితే ఓడలా ఉంటుంది, పొడుగాటి బానెట్, మందపాటి రేకు. గెలిచేది అదే అని ఎవరైనా అనుకుంటారు. వీడియో చూడండి, ఒక్కసారి కాదు, నెమ్మదిగా నాలుగైదుసార్లు చూడండి. బెల్ ఎయిర్ ముందు అద్దం ఊడి ఎగిరిపోతుంది, తలుపు తెరుచుకుంటుంది, అద్దానికీ తలుపుకీ మధ్య ఉండే స్తంభం లోపలికి మడత పడుతుంది, డాష్‌బోర్డూ స్టీరింగూ కలిసి డ్రైవర్ బొమ్మ మీదికి వచ్చేస్తాయి. బెల్టు లేదు, ఎయిర్‌బ్యాగ్ లేదు. అందులో నిజమైన మనిషి ఉంటే బతికేవాడు కాదు. మాలిబూ ముందు భాగం తుక్కు తుక్కయింది, కానీ లోపలి గది గదిలాగే నిలబడింది, డ్రైవర్‌కి కాలి దగ్గర దెబ్బ తగిలి ఉండొచ్చని తేల్చారు. పాత బండిలో మడత పడాల్సినచోట పడకుండా, పడకూడని చోట పడింది.

"అది అమెరికా బండి, మనది వేరు" అని మొన్న ఒక మిత్రుడు నాతో వాదించారు. వేరే అనుకుందాం. మన అంబాసిడర్ దేనిమీద నుంచి వచ్చింది? ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 మీద నుంచి. 1950ల చివర్లో బెంగాల్‌లోని ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో మొదలై 2014 దాకా తయారైంది, గ్రిల్లు మారింది, ఇంజన్లు మారాయి, ఆ గది ఆకారం మాత్రం అదే. ఫియట్ 1100 కూడా ఆ కాలపుదే. ఆ రోజుల్లో ఇంజనీర్లకి ఏమీ తెలియదు, వాళ్లనేం అనగలం అనుకోవద్దు. బేలా బారెన్యీ అనే ఆయన మెర్సిడెస్‌లో పనిచేస్తూ, మడత పడే ముందు వెనక భాగాలకీ మడత పడని గదికీ 1950ల మొదట్లోనే పేటెంట్ తీసుకున్నాడు, 1959లో ఆ పద్ధతిలో కారు రోడ్డు మీదికి వచ్చింది. అదే 1959లో వోల్వోలో నిల్స్ బోలిన్ చేసిన మూడు పాయింట్ల సీటు బెల్టు వచ్చింది, ఆ పేటెంట్‌ని వోల్వో అందరూ వాడుకోవడానికి వదిలేసింది కూడా. బెల్ ఎయిర్ కూడా 1959దే అని గుర్తు పెట్టుకోండి. మరి మన దేశంలో కొత్త కార్లకి ముందు సీటు బెల్టు తప్పనిసరి అయింది ఎప్పుడు? 1994లో. ముప్పై అయిదేళ్లు! నాకు ఇది తలుచుకుంటే కోపం వస్తుంది, మా నాన్నగారి బండిలో ఆ మూడు గజాల పట్టీ ఉండాల్సింది, అప్పటికే అది కనిపెట్టి ఉంది.

కొత్తవన్నీ గొప్పవని కూడా నేను అనడం లేదు. 2014 జనవరిలో కార్ల భద్రతని పరీక్షించి స్టార్లు ఇచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ వాళ్లు మన దేశంలో అమ్ముడుపోతున్న అయిదు చిన్న కార్లని గుద్దించి చూస్తే అయిదింటికీ పెద్దల రక్షణలో సున్నా స్టార్లే వచ్చాయి. గుద్దుడు పరీక్ష నిబంధనలు కొత్త మోడళ్లకి 2017 అక్టోబర్ నుంచి, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి 2019 జులై నుంచి. కాబట్టి ఇవాళ రోడ్డు మీద మన పక్కన వెళ్లే బండ్లలో చాలావరకు ఇటీవలే బాగుపడ్డాయి. కానీ బాగుపడ్డాయి, మనవి అక్కడే ఉన్నాయి.

ఇంతకన్నా పెద్ద తేడా ఇంకోటుంది, అది రోడ్డు. మా నాన్నగారు ఈ ఫియట్‌లో విజయవాడ వెళ్లినప్పుడు ముందున్న లారీ నలభైలో పోయేది, వెనకున్న బస్సు యాభైలో వచ్చేది, ఆ రెంటి మధ్యలో ఈ బండి సరిపోయేది. ఇప్పుడు మన హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద వేగ పరిమితి 120 దాకా ఉంది. బ్రేకుల సంగతి చూద్దాం, నేను ఇంట్లో కూర్చుని వేసిన లెక్క ఒకటి చెబుతాను. రెండు బండ్లు పక్కపక్కన 80లో వెళ్తున్నాయి. కొత్త కారు భూమ్యాకర్షణలో 80 శాతం బలంతో ఆగుతుందనీ, నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే ఉన్న మన బండి 50 శాతంతో ఆగుతుందనీ అనుకుందాం. ఇద్దరూ ఒకే క్షణంలో బ్రేకు తొక్కారు. కొత్త కారు 31 మీటర్లలో ఆగిపోతుంది. మన బండికి 50 మీటర్లు కావాలి. ఈ 19 మీటర్ల తేడా వినడానికి చిన్నదిగా ఉంటుంది, అందుకని ఇంకోలా చెబుతాను, కొత్త కారు పూర్తిగా ఆగిపోయిన ఆ గీత దగ్గర మన బండి ఇంకా గంటకి దాదాపు 50 కిలోమీటర్ల వేగంతో పోతూ ఉంటుంది.

ఆ లెక్క వేసిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే ముందున్న కారుకీ నాకూ మధ్య ఎంత గ్యాప్ వదిలినా రెండు నిమిషాల్లో ఎవరో ఒకరు వచ్చి అందులో దూరతారు, వాళ్లది కొత్త బండి, వాళ్ల బ్రేకులకి ఆ గ్యాప్ చాలు, నాకు చాలదు. దీనికి నా దగ్గర ఒకటే జవాబు ఉంది, ఔటర్ ఎక్కను. సర్వీస్ రోడ్డు మీద పోతాను, తెల్లవారుజామున బయల్దేరతాను, అరవై దాటను. హారన్లు కొడతారు, కొట్టనీయండి, దారిచ్చి పక్కకి జరుగుతాను.

బ్రేకుల గురించి ఇంకొంచెం చెప్పాలి, మనవాళ్లు ఎక్కువగా వదిలేసేది ఇదే. చక్రంతో పాటు తిరిగే గిన్నెలాంటి డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి, లోపల నుంచి దాన్ని ఒరుసుకుని ఆపే లైనర్‌కి దూరం జరుగుతుంది, అందుకే శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు పెడల్ మెల్లమెల్లగా కిందికి పోతున్నట్టు ఉంటుంది. ఘాట్‌లో బ్రేకు మీద కాలు పెట్టి దిగకండి, ఎక్కిన గేరులోనే దిగండి. బ్రేకు ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది. డాట్ 3 అనే రకం బ్రేకు ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది, ఆయిల్ మరిగితే పెడల్ కింద ఉండేది ఆవిరే. మన బండ్లు నెలకి రెండుసార్లు తీస్తాం, కిలోమీటర్లు తిరగవు కాబట్టి ఆయిల్ మార్చక్కర్లేదు అనుకుంటాం, తేమకి కిలోమీటర్లతో పనేముంది? రెండేళ్లకోసారి మార్చండి. పైగా చాలా పాత బండ్లలో నాలుగు చక్రాలకీ కలిపి ఒకటే లైను, ఒక్క హోస్ పగిలితే నాలుగూ పోతాయి. కుదిరితే రెండు లైన్ల మాస్టర్ సిలిండర్, అంటే పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాలకి తోసే పంపు, వేయించండి. నేను వేయించాను. హ్యాండ్ బ్రేకు కూడా అలంకారం కాదు, అది కేబుల్‌తో పనిచేస్తుంది, ఆ రోజున మీకు మిగిలేది అదొక్కటే.

బెల్టుల దగ్గరికి వస్తాను. 2022లో మన దేశంలో బెల్టు పెట్టుకోకుండా చనిపోయినవాళ్లు 16,715 మంది అని కేంద్ర రవాణా శాఖ లెక్క, అందులో 8,331 మంది పక్కన, వెనక కూర్చున్నవాళ్లే. వాళ్లలో చాలామంది బండ్లలో బెల్టు ఉండే ఉంటుంది, మన బండ్లలో అసలు లేదు. నేను బెల్టులు బిగించాలి అన్నప్పుడు నా బండి రిస్టోర్ చేసిన ఆయన ఒప్పుకోలేదు, "ఒరిజినల్ పోతుంది సార్, పోటీలో మార్కులు తగ్గుతాయి" అన్నాడు. తగ్గనీ అన్నాను. 2021 జులైలో వచ్చిన వింటేజ్ నిబంధనలు యాభై ఏళ్లు దాటిన బండ్ల చాసిస్, బాడీ, ఇంజన్ మార్చకూడదంటాయి, అక్కడ బెల్టు మాట లేదు. అయితే బెల్టు బిగించడం అంటే ఫ్లోర్ రేకుకి కన్నం పెట్టి బోల్టు వేయడం కాదు. గుద్దుకున్నప్పుడు ఆ బోల్టు మీద టన్నుల బరువు పడుతుంది, రేకు చీరుకుని బోల్టు పైకి వచ్చేస్తుంది. కింద మందపాటి ఇనుప ప్లేటు పెట్టి, రేకు మంచిగా ఉన్నచోట, తుప్పు లేనిచోట బిగించాలి. తుప్పు ఉందో లేదో పెయింట్ చూసి చెప్పలేం, పుట్టీ కింద ఎంత ఉందో దేవుడికే తెలుసు, టింకరింగ్ చేసేటప్పుడే దగ్గరుండి స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. బెల్టు ఉన్నా మన స్టీరింగ్ రాడ్డు మడత పడే రకం కాదని మర్చిపోవద్దు, సీటు వీలైనంత వెనక్కి జరుపుకుని కూర్చోండి.

ఒక్క విషయంలో మాత్రం నేను మిమ్మల్ని బతిమాలుతున్నాను. పిల్లల్ని ముందు సీట్లో కూర్చోబెట్టకండి, ఒళ్లో అసలే వద్దు. ఇందాక లోపలికి వస్తుంటే ఒక అంబాసిడర్ బెంచీ సీటు మీద నాలుగేళ్ల పాప నిలబడి డాష్‌బోర్డు పట్టుకుని ఉంది. ఆ డాష్‌బోర్డు ఇనుము. నేనూ అలా నిలబడే పెరిగాను, నాకేమీ కాలేదు, నిజమే. మనకి ఏమీ కాలేదు కాబట్టే మనం ఇక్కడ ఉండి చెప్పుకుంటున్నాం, అయినవాళ్లు వచ్చి చెప్పలేరు కదా. మా మనవరాలికి ఫియట్ అంటే ప్రాణం, మా వీధిలో ఒక రౌండ్ తిప్పుతాను, వెనక సీట్లో, బెల్టుతో. ఊరు దాటాలంటే వాళ్ల నాన్న కారులో కూర్చుంటుంది, నేను ఫియట్‌లో వెనకే వస్తాను.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. మన వెనక లైట్లు చిన్నవి, మసకగా ఉంటాయి, బ్రేకు తొక్కామో లేదో వెనకవాడికి తెలియదు. వెనక అద్దం లోపల ఒక ఎర్ర ఎల్‌ఈడీ బ్రేకు లైటు పెట్టించండి, వందల్లో పని, ఇష్టం లేకపోతే ఎగ్జిబిషన్ రోజు తీసేయొచ్చు. పెట్రోల్‌లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు, పాత రబ్బరు హోసులు దానికి ఉబ్బి చీలుతాయి, ఇంజన్ పక్కన పెట్రోల్ కారడం అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు, ఇథనాల్‌కి తట్టుకునే హోసులు వేయించండి.

చివరగా టైర్లు. టైరు పక్కన ఇంగ్లిషులో డాట్ (DOT) అని రాసి ఉన్నచోట చివర నాలుగంకెలు ఉంటాయి, 2318 అని ఉంటే 2018లో 23వ వారం తయారైందని అర్థం. మన టైర్లు అరగవు, ఎండిపోతాయి, గీతలన్నీ కొత్తవాటిలా ఉంటాయి, రబ్బరు మాత్రం రాయి అయిపోతుంది. నా ఫియట్‌కి 2009 టైర్లు 2021 దాకా ఉన్నాయి, ఆ సంగతి పంక్చర్ వేసే అబ్బాయి చెబితే తెలిసింది. నా దగ్గర టార్చి, సుద్ద ఉన్నాయి. ఇప్పుడు టీ తాగి అందరం బయటికి వెళ్దాం, ముందు నా బండి దగ్గరే మొదలుపెడదాం, వెనక సీటు పైకి లేపి బెల్టు ప్లేట్లు చూపిస్తాను, ఆ తర్వాత వరసగా ఒక్కో బండి దగ్గర ఆగి ఆ నాలుగంకెలు చదివి టైరు మీద సుద్దతో రాద్దాం.