18 నిఘా సంస్థల బాస్.. కోరల్లేని పాము!

నమస్తే అండీ! 2025 జూన్ 17. అప్పట్లో అమెరికా జాతీయ నిఘా డైరెక్టర్, అంటే 18 నిఘా సంస్థలకి బాస్, తులసి గబ్బార్డ్. ఎయిర్ ఫోర్స్ వన్ విమానంలో ట్రంప్‌ని విలేకరులు అడిగారు, "ఇరాన్ అణుబాంబు తయారు చేయట్లేదని మీ తులసి గబ్బార్డే చెప్పారు కదా?" అని. ఆయన జవాబు గుర్తుందిగా? "ఆవిడ ఏం చెప్పిందో నాకు అనవసరం!"

అందరూ ట్రంప్‌ని తిట్టారు. నా కోపం మాత్రం గబ్బార్డ్ మీదే!

ఎందుకంటే మార్చి 25న సెనేట్ కమిటీ ముందు ఆమె చెప్పింది తన సొంత అభిప్రాయం కాదు, అమెరికా నిఘా వ్యవస్థ మొత్తం తేల్చిన మాట. మరి జూన్ 20న ఏం చేసింది? మీడియా నా మాటల్ని వక్రీకరించింది, ఇరాన్ తలుచుకుంటే వారాల్లోనో నెలల్లోనో బాంబు చేయగలదు అని పోస్ట్ పెట్టింది. రెండు రోజులు తిరక్కుండానే ఇరాన్ అణు కేంద్రం ఫోర్డో మీద అమెరికా బాంబులు పడ్డాయి.

అసలు ఆ కుర్చీకి ఏముందండీ? పేరుకి 18 సంస్థలు. విదేశాల్లో గూఢచర్యం చేసే సీఐఏని నడిపేది సీఐఏ డైరెక్టర్. ఫోన్లు, నెట్ సందేశాల మీద కన్నేసే ఎన్ఎస్ఏ, సైనిక నిఘా చూసే డీఐఏ రెండూ పెంటగాన్, అంటే రక్షణ శాఖ చేతిలో. ఈ కుర్చీకి మిగిలింది బడ్జెట్ లెక్కలు సర్దడం, ప్రెసిడెంట్‌కి బ్రీఫింగ్ ఇవ్వడం.

2009లో ఏమైందో చూడండి. అప్పుడు ఇదే కుర్చీలో ఉన్న, నేవీ అడ్మిరల్‌గా చేసిన డెన్నిస్ బ్లెయిర్, విదేశాల్లో అమెరికా నిఘా ప్రతినిధుల్ని నేనే నియమిస్తానన్నాడు. సీఐఏ డైరెక్టర్ లియోన్ పనెట్టా కుదరదు పొమ్మన్నాడు. వైట్ హౌస్ ఎవరి వైపు నిలబడింది? సీఐఏ వైపు! 2010 మేలో బ్లెయిర్ రాజీనామా. ఒక్క మనిషిని వేసుకోలేని బాస్ ఏం బాసండీ?

నా థియరీ వినండి. ఇది పొరపాటు కాదు, కావాలనే ఇలా కట్టారు. సెప్టెంబర్ 11 దాడుల తర్వాత, 2004లో ఈ పదవికి చట్టం చేస్తుంటే పెంటగాన్ మనుషులు పట్టుబట్టి మరీ శాఖల అధికారం తగ్గకూడదనే సెక్షన్ పెట్టించుకున్నారు. కుర్చీ ఇచ్చారు, కోరలు పీకేశారు.

కానీ అదే చట్టంలో ఒక్క మంచి ముక్క ఉంది. నిఘా సమాచారం రాజకీయాలతో సంబంధం లేకుండా, ఉన్నదున్నట్టు ఇవ్వాలని! ఆ కుర్చీకి ఉన్న ఆస్తి అదొక్కటే. దాన్నే ఆమె ఒక్క పోస్ట్‌తో వదిలేసుకుంది.

మన దగ్గరైతే ఇంకా ఘోరం. 1968లో పుట్టిన రా సంస్థకి ఇప్పటికీ ప్రత్యేక చట్టమే లేదు, దాని చీఫ్‌ని కూర్చోబెట్టి అడిగే పార్లమెంటరీ నిఘా కమిటీ లేదు. అక్కడ కనీసం మార్చి 25 రికార్డు ఉంది కాబట్టే, జూన్ 20న ఆమె మాట మార్చిందని మనకి తెలిసింది.