బెంగ అన్న మాట దొరికేదాకా

శ్రోతలకు నమస్కారం.

రెండేళ్ల కిందట ఒక బుధవారం సాయంత్రం నేను ఒక మెట్ల దగ్గర పావుగంట సేపు నిలబడిపోయాను. కింద పళ్ల డాక్టరు గారి క్లినిక్, పైన సైకాలజిస్టు గారి గది. తెలిసినవాళ్లెవరైనా ఎదురైతే పన్ను నొప్పి అని చెబుదామని ఇంటి దగ్గరే అనుకుని బయల్దేరాను. అప్పటికి మూడు నెలలుగా తెల్లవారుజామున మూడింటికల్లా మెలకువ వచ్చేస్తోంది. గుండెల మీద రాయి పెట్టినట్టు బరువు. ఈసీజీ తీశారు, థైరాయిడ్ చూశారు, అన్నీ బాగానే ఉన్నాయి. చివరికి మా డాక్టరు గారే, "ఒకసారి మనసు సంగతి కూడా చూపించుకోండమ్మా" అన్నారు. ఆ మాట ఇంట్లో చెబితే మా అమ్మ, "మన ఇంటా వంటా లేదు కదే అలాంటిది" అంది. మా ఆయన మాత్రం, "నేను తోడొస్తాను, కిందే కూర్చుంటాను" అన్నారు.

ఆ మెట్లెక్కితే పైన ఏం జరుగుతుందో నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. ఎవరైనా చెప్పి ఉంటే మూడు నెలలు ఆగేదాన్ని కాదు. అందుకే ఈ ప్రసంగం.

అసలు ఆ పైగది సైకాలజిస్టు మేడమ్ నేను వెళ్లిన రెండో మనిషి. అంతకు ముందు నెలలో ఇంకొక కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాను. కూర్చున్న కాసేపటికే పది సెషన్లకు డబ్బు ముందే కట్టమన్నారు. పాజిటివ్‌గా ఆలోచించమన్నారు, ఉదయాన్నే లేచి ధ్యానం చేయమన్నారు. మూడింటి నుంచి నిద్ర లేక కూర్చుంటున్నానని అప్పుడే కదా చెప్పాను! ఆ మాట ఆయన చెవికెక్కలేదు. ఇంటికొచ్చి, లోపం నాలోనే ఉందేమో, ఇక నాకిది నయం కాదేమో అనుకున్నాను. ఆ నెల అలా పోయినందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

కాబట్టి ఫోన్ చేసేటప్పుడే అడగండి, మొహమాటపడకండి. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పై చదువు చదివిన డాక్టరు, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, మాటల ద్వారానే చికిత్స చేస్తారు. వీళ్లలో చాలామంది ఎం.ఫిల్. చేసి, భారతీయ పునరావాస మండలిలో, అంటే అందరూ ఆర్‌సీఐ అంటారే, అక్కడ పేరు నమోదు చేయించుకుని ఉంటారు. "మీ రిజిస్ట్రేషన్ నంబరు చెప్తారా అండీ" అని అడగడం అమర్యాద కాదు. మేడమ్‌ను నేనలా అడిగితే, "మంచి పని చేశారు" అని వెంటనే చెప్పారు. కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకోవడానికి మాత్రం మన దేశంలో చాలాకాలం గట్టి కట్టుబాటు లేదు. 2021లో పార్లమెంటు చేసిన చట్టంతో ఈ వృత్తి కూడా ఒక లెక్కలోకి వస్తోంది. కౌన్సెలర్లలో ఎంతో మంచివాళ్లున్నారు, అది కాదనను. ఏం చదివారో, ఎక్కడ పనిచేశారో తెలుసుకుని వెళ్లండి, అంతే.

గదిలో మంచం ఉంటుందనుకున్నాను. రెండు కుర్చీలు, ఒక బల్ల, బల్ల మీద గడియారం, టిష్యూ పేపర్ల డబ్బా. అంతే. మొదట ఒక కాగితం ఇచ్చారు. సెషన్ యాభై నిమిషాలు, ఫీజు 1,200 రూపాయలు, రాలేకపోతే ఒక రోజు ముందు చెప్పాలి, లేదంటే ఆ ఫీజు కట్టాల్సిందే. నగరాల్లో ఇంతకంటే చాలా ఎక్కువ తీసుకునేవాళ్లూ ఉన్నారు. తర్వాత మేడమ్ ఒక సంగతి నిదానంగా చెప్పారు. నేను చెప్పేవన్నీ ఆ గదిలోనే ఉంటాయట, మా ఆయన అడిగినా చెప్పరట. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ గోప్యతను మన హక్కుగా రాసింది. దీనికి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. నా ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉందనిపించినా, పసిపిల్లల మీద లైంగిక అఘాయిత్యం సంగతి బయటపడినా, కోర్టు ఆదేశించినా చెప్పక తప్పదు. ఇవన్నీ మొదటి రోజే చెప్పే మనిషి మీద నాకు నమ్మకం కుదిరింది.

నేను పరీక్షకు వెళ్లినట్టు నాలుగు పేజీలు రాసుకుని వెళ్లాను. తేదీలతో సహా. అవసరం పడలేదు. ఆవిడ అడిగినవి నిద్ర గురించి, ఆకలి గురించి, వాడే మందుల గురించి, ఇంట్లో ఎవరికైనా ఇలాంటి ఇబ్బంది ఉండేదా అని. గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలున్న ఫారం ఒకటి నింపించారు. ఆ తర్వాత సూటిగా, "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?" అన్నారు.

నేను గబుక్కున లేదన్నాను. తరవాత తెలిసింది, ఆ ప్రశ్న అందరినీ అడుగుతారట. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు, దాచుకున్నవాళ్లకు చెప్పుకునే దారి దొరుకుతుంది. రెండో వారం నేనే మళ్లీ ఎత్తి, "పడుకుంటే తెల్లారకపోయినా బాగుణ్ణు అని ఒకటి రెండుసార్లు అనిపించిందండీ" అన్నాను. ఆవిడ కంగారుపడలేదు, నన్ను మందలించలేదు. ఎప్పుడెప్పుడు అలా అనిపించిందో అడిగి, అలాంటి రాత్రి ఎవరికి ఫోన్ చేయాలో ఇద్దరం కలిసి రాసుకున్నాం. ఆ కాగితం ఇప్పటికీ నా హ్యాండ్‌బ్యాగులో ఉంది.

ఇక మూడో వారం. ఈ ఒక్కటీ కాస్త వివరంగా చెప్పాలి.

నేను బ్యాంకులో పనిచేస్తాను. రోజంతా సగం ఇంగ్లీషే. అందుకని అక్కడా స్ట్రెస్ అన్నాను, యాంగ్జయిటీ అన్నాను, టెన్షన్ అన్నాను. ఆవిడ విన్నారు, విని, "ఇంట్లో అయితే దీన్ని ఏమంటారు?" అన్నారు. నాకు తోచలేదు. గదిలో ఎవరం మాట్లాడలేదు. గడియారం చప్పుడు వినపడుతోంది. ఆ మౌనం నాకు భరించరానిదిగా ఉంది, ఏదో ఒకటి మాట్లాడేసి దాన్ని పూడ్చేయాలనిపించింది. ఆవిడ మాత్రం తొందరపడలేదు. అప్పుడు నా నోటి వెంట వచ్చింది: "నాన్న మీద బెంగ పెట్టుకున్నానండీ."

మా నాన్న పోయి అప్పటికి ఏడు నెలలు. కర్మకాండలన్నీ నేనే దగ్గరుండి చేయించాను, పదిహేనో రోజుకి కౌంటర్‌లో కూర్చున్నాను. బెంగ అంటే చిన్నపిల్లలు పెట్టుకునేది కదా. అమ్మ ఊరెళ్తే పిల్లకు జ్వరం వస్తుంది, "బెంగ పెట్టుకుందమ్మా" అంటారు పెద్దవాళ్లు, దగ్గరకు తీసుకుంటారు. నలభై ఆరేళ్ల మనిషికి బెంగ ఉండొచ్చని నేనే ఒప్పుకోలేకపోయాను. ఆ మాట అన్నాక ఏడ్చాను. తెల్లవారుజామున మూడింటికే ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చిందని అప్పుడు చెప్పాను. అంతవరకూ ఆ ఫోన్ వచ్చిన వేళకీ, నాకు మెలకువ వచ్చే వేళకీ సంబంధం ఉందని నాకు తట్టనే లేదు.

అందుకే అంటున్నాను, మీ భాషలో మాట్లాడగల మనిషిని వెతుక్కోండి. హైదరాబాద్‌లో అయినా, అమెరికాలో అయినా. గాభరా, దిగులు, కడుపులో దేవినట్టు ఉండటం... ఇవి వివరించకుండానే అర్థమయ్యే మనిషి ముందు కూర్చోవడం వేరు.

ఆ సెషన్ తర్వాత రెండు రోజులు ముందుకంటే ఎక్కువ కుంగిపోయాను. ఇదేమిటి, బాగవుదామని వెళ్తే ఇలా అవుతోందేమిటని భయపడ్డాను. మొదటి వారాల్లో ఇలా జరగొచ్చట. మానేయకుండా, ఆ మాటే వెళ్లి చెప్పాలి. సెషన్ అవగానే బండి తీయకండి, ఆఫీసు పని పెట్టుకోకండి. నేను కిందకొచ్చి మా ఆయనతో టీ తాగి గాని కదిలేదాన్ని కాదు.

సలహాలిస్తారని ఆశపడకండి. "మేడమ్, నేనేం చేయాలో చెప్పండి" అని నేనూ విసిగిపోయి అడిగాను. వాళ్లిచ్చేది పని. నాకు ఒక నోటుబుక్కు పెట్టమన్నారు: మూడింటికి లేచినప్పుడు ఏ ఆలోచన వచ్చింది, ఒంట్లో ఎక్కడ తెలిసింది, అంతే. ఆరోన్ బెక్ అనే అమెరికా వైద్యుడు 1960లలో మొదలుపెట్టిన పద్ధతిలో ఇదొక భాగమట. వేరే పద్ధతులూ ఉన్నాయి. మీరు వెళ్లేవాళ్లు ఏ పద్ధతిలో చేస్తారో అడగండి. ఏ పద్ధతైనా, ఇద్దరికీ మధ్య కుదిరే నమ్మకం మీద చాలా ఆధారపడి ఉంటుంది. మూడు నాలుగు సార్లయినా ఆ మనిషి ముందు నోరు విప్పలేకపోతే, ఆ సంగతి ఆ మనిషికే చెప్పండి. అప్పటికీ కుదరకపోతే మారండి. మందులు కూడా కావాలంటే సైకియాట్రిస్టు దగ్గరికి పంపుతారు, రెండూ కలిసి సాగేవే.

నాకు పద్నాలుగు సెషన్లు పట్టింది. మొదట వారానికొకసారి, తర్వాత పదిహేను రోజులకు, చివర్లో నెలకు. డబ్బు మాట దాచను, అది చిన్న మొత్తం కాదు. మానసిక జబ్బులకూ ఒంటి జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలని అదే 2017 చట్టం చెబుతోంది గాని, చాలా పాలసీలు ఆస్పత్రిలో చేరితేనే వర్తిస్తున్నాయి. ఇలా గదికి వెళ్లి వచ్చే ఖర్చు చేతి నుంచే పోతుంది. ఇది మారాలని గట్టిగా కోరుకుంటున్నాను. తక్కువ తీసుకునే వీలుందా అని అడిగి చూడండి, కొందరు తగ్గిస్తారు. ఇవ్వలేని వాళ్లకు హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ, విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి.

పెన్నూ కాగితం దగ్గర ఉంటే ఒక నంబరు రాసుకోండి. టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన సేవ ఇది. డబ్బు కట్టనక్కర్లేదు, రాత్రైనా పగలైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. మూడింటికి మెలకువ వచ్చినా సరే. 14416. మళ్లీ చెబుతున్నాను: ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు.

నమస్కారం.